పన్నెండో ఆకు

ఎప్పటి మాటో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు గాని, పొగడకోట అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని రణధీర భూపాలుడు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. పెట్టే చెయ్యి. కోపం వచ్చినా పూటకన్నా ఎక్కువ నిలిచేది కాదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఆయన్ని ఎవరూ ప్రశ్న అడగకూడదు.

రాజును అడగడమంటే రాజుకు పరీక్ష పెట్టడమేనని ఆయన నమ్మకం. అందుకని కోటలో అందరూ మాట తిరగేసి మాట్లాడేవాళ్ళు. వంటవాడు "కూరలో ఉప్పు సరిపోయిందా ప్రభూ?" అనకూడదు. "ఉప్పు సరిపోయింది ప్రభూ" అనాలి. చప్పగా ఉన్నా రాజుగారు అదే తినాలి. మంగలి "మీసం కొస తీయమంటారా?" అనకూడదు. "తీస్తున్నాను ప్రభూ" అని తీసెయ్యాలి. అలా ఒకసారి కుడి మీసం ఎడమ మీసం కన్నా రెండు వేళ్ళు పొట్టిదైపోయింది. ఆ నెలంతా సభలో పెద్దలు మెడ ఒక పక్కకు వంచి చూశారే గాని, ఇదేమిటని ఒక్కరూ నోరు తెరవలేదు.

ఈ పద్ధతిని రాజుగారికన్నా గట్టిగా పట్టుకున్నవాడు ఆస్థాన పండితుడు భైరవశాస్త్రి. కోట బడి ఆయన చేతిలోనే ఉండేది. మంత్రిగారి మనవడి దగ్గర్నుంచి మావటి కూతురిదాకా కోటలో పిల్లలంతా అక్కడే చదివేవాళ్ళు. చదవడమంటే అరవడమే. ఆయన ఒక ముక్క అనాలి, పిల్లలు గుక్క తిప్పుకోకుండా పదిసార్లు అరవాలి. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళే చదువరులు. మధ్యలో "అంటే ఏంటండీ?" అన్నవాళ్ళకు గోడకుర్చీ.

బడి వెనకాల ఆకుల కొట్టం ఉండేది. అందులో నాంచారమ్మ పనిచేసేది. తాటాకులు పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది, చిల్లులు పొడిచి లేఖకులకు ఇచ్చేది. వాళ్ళు గంటంతో రాసి తెచ్చాక, అక్షరాల్లోకి మసి పట్టించి తుడిచి, అంకెల వరసన తాడుకు గుచ్చి, పైనా కిందా చెక్క బద్దలు పెట్టి కట్ట కట్టేది. నలభై దాటిన మనిషి. పెద్దవాళ్ళు ఎదురుపడితే ఆమె మాట గొంతులోనే సగం ఉండిపోయేది.

ఆమెకు చదువు ఎవరూ చెప్పలేదు. గోడ అవతల పిల్లలు అరుస్తుంటే ఇవతల ఆకు మీద వేలు పెట్టుకుని వినేది. సాయంత్రం ఆ పిల్లల్నే పట్టుకుని, ఇదేం అక్షరం, ఇదేం మాట అని అడిగి అడిగి నేర్చుకుంది. అలా నేర్చుకున్న మనిషికి అడగడమంటే ఎంత తీపో వేరే చెప్పాలా!

బడి వదిలితే చాలు, చిన్న పిల్లలు కొట్టంలోకి ఉరికొచ్చేవాళ్ళు. లేఖకులు తప్పు రాసి పారేసిన ఆకుల్ని నాంచారమ్మ వాళ్ళకోసం దాచి ఉంచేది. ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు చింతపిక్కలు పోసేది. ఒక వాక్యం చదవాలి. వేలు అక్కడే ఆపాలి. లోపల ఏ అనుమానం పుడితే అది పైకి అడిగి, ఒక పిక్క కుండలో వెయ్యాలి. అదీ ఆట.

"ఒక నక్క పాడుబడ్డ బావి దగ్గరకు వచ్చెను," అని ఒకడు చదివేవాడు.

"ఎందుకొచ్చింది అత్తా? దాహమేసిందా?" టప్‌మని పిక్క పడేది.

"పాడుబడ్డ బావిలో నీళ్ళుంటాయా?" టప్.

"దాన్ని ఎవరైనా తరుముతున్నారేమో?" టప్.

"దాని పేరేంటి?" టప్.

"చూశారా, ఒక్క ముక్కలో ఎన్ని పుట్టాయో!" అని నాంచారమ్మ మురిసిపోయేది. "కొన్నిటికి కింది వాక్యమే జవాబు చెప్తుంది. కొన్నిటికి చెప్పదు, మనమే బుర్రలో వెతుక్కోవాలి. అక్కడా దొరక్కపోతే తెలిసినవాళ్ళని అడగాలి."

"నక్క పేరు ఎవరికి తెలుస్తుంది అత్తా?"

"ఇంకో నక్కకి. కనపడితే అడుగు."

ఇక చూడండి వాళ్ళ ఆత్రం! కింది వాక్యం నేను చదువుతానంటే నేను చదువుతానని ఆకు చిరిగేదాకా లాక్కునేవాళ్ళు. నక్కకు దాహమా, భయమా తేలేదాకా ఇంటికి పొమ్మన్నా పోయేవాళ్ళు కారు.

అందరిలోకీ ఎక్కువ పిక్కలు ఖర్చు పెట్టేది నీలాలు. మావటి గున్నయ్య కూతురు, ఏడేళ్ళది. ముందు పళ్ళు రెండూ ఊడి, మాట మధ్యలో గాలి వచ్చేది. కొట్టంలో అలవాటైన వేలు బడిలో మాత్రం ఊరుకుంటుందా? ఒకరోజు శాస్త్రి కొత్త పాఠం మొదలెట్టాడు.

"మహారాజు అడవికి వేటకు పోయెను. ఆయనను చూచి పులి పారిపోయెను. చెప్పండి!"

పిల్లలు చెప్పబోతున్నారు. ముందున్న ఆకు మీద నీలాలు వేలు ఆగింది.

"అయ్యవారూ, పులి ఉండేదే అడవిలో కదండీ. మరి ఎక్కడికి పారిపోయింది?"

చాప మీద ఒక్కసారిగా కదలిక వచ్చింది.

"ఊళ్ళోకొచ్చిందా అయ్యవారూ?" అన్నాడు మంగలి కొడుకు.

"పులి దొరక్కపోతే మరి రాజుగారు ఏం తెచ్చారండీ?" అన్నాడు మంత్రిగారి మనవడు.

భైరవశాస్త్రి పిలక ముడి ఊడిపోయింది. "ఎవరే నీకు ఇది నేర్పింది?" అని ఉరిమాడు. అదీ అడగడమే కదా అని నీలాలు సంతోషపడి, "మా ఆకులత్త!" అని గర్వంగా చెప్పేసింది.

మర్నాడు సభలో నాంచారమ్మ, పక్కన నీలాలు. శాస్త్రి చేతులు ఊపుతూ చెప్పాడు. "ఏలినవారు చిత్తగించాలి. ఈ ఆకులు గుచ్చే మనిషి పసిపిల్లలకు ప్రశ్నలు అడగడం నేర్పుతోంది! ఇవాళ పాఠాన్ని అడుగుతారు, రేపు గురువును అడుగుతారు, ఎల్లుండి తమరిని..." ఆ మాట పూర్తిచెయ్యడానికి కూడా భయపడి చెవులు మూసుకున్నాడు.

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "పిల్లను బడి నుంచి తీసెయ్యండి. ఈ మనిషిని కోట దాటించండి."

నాంచారమ్మ తల వంచి చూసింది. తన సంగతి ఎలా ఉన్నా, పక్కన నీలాలు తన కొంగు పట్టుకుని ఉంది. ఆ పిల్లకు చదువంటే పిచ్చి. ఆ పిచ్చి పట్టించింది తనే. గొంతులో అడ్డుపడ్డ మాటను ఎలాగో పైకి తెచ్చుకుంది.

"ప్రభూ, అడగకూడదన్నారు. ఎందుకు అడగకూడదో... అది ఎవర్ని అడగాలండీ?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. రాజుగారు జవాబు చెప్పబోయి ఆగిపోయారు. ఎంత వెతికినా దొరకలేదు. దొరకలేదని ఒప్పుకోవడం ఇష్టం లేదు.

"సరే. పదిహేను రోజుల్లో మా పట్టాభిషేకం పండగ. ఆ రోజు పిల్లలు మా విజయాలు పొగిడే ప్రతాపమాలిక చదువుతారు. ఆ సభలో ఈ పిల్ల ఒక ప్రశ్న అడగవచ్చు. దానివల్ల మాకు ఏదైనా మేలు కలిగిందా, ఇక మీ ఇష్టం వచ్చినట్టు అడగండి. కలగలేదా, పిల్లకు బడి లేదు, నీకు కోట లేదు. అంతవరకు పిల్ల బడి మొహం చూడకూడదు."

"అంతవరకు నువ్వు ఆకులు గుచ్చు," అన్నాడు శాస్త్రి, బయటికొచ్చాక. "చదవకు. నోరు మెదపకు. అంకె చూడు, గుచ్చు. తెలిసిందా?"

తెలిసిందా అని అడిగారు కదా, జవాబు చెప్పాలా వద్దా అని నాంచారమ్మకు తెలియలేదు. తల ఊపి ఊరుకుంది.

ఆ రోజుల్లో లేఖకుల వసారాలో రెండు పనులు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకటి రాజుగారి ప్రతాపమాలిక. ఇంకొకటి ఏనుగుల వైద్యం. పాత వైద్యం కట్టను పురుగు తినేస్తే కొత్తగా రాయిస్తున్నారు. ఒక మధ్యాహ్నం సుడిగాలి వచ్చి రెండు కట్టల ఆకుల్నీ వసారా అంతా తిప్పి కొట్టింది. లేఖకులు ఏరుకుంటూ ఏ ఆకు దేనిదో చదివి చూడబోయారు.

"చదవక్కర్లేదు!" అని శాస్త్రి అరిచాడు. "అంకెలున్నాయి చాలదూ? అంకె చూసి పేర్చండి. పొద్దు పోతోంది!"

పేర్చారు. శాస్త్రే రెండు దొంతరలూ తెచ్చి నాంచారమ్మ ముందు పెట్టి, ఆమె గుచ్చేదాకా నెత్తి మీద నిలబడ్డాడు. రెండిట్లోనూ ఒకటి నుంచి నలభై దాకా అంకెలు వరసగా ఉన్నాయి. ఆమె కళ్ళు అంకె మీదే పెట్టుకుని గుచ్చింది. ఒక కట్ట బడికి, ఒక కట్ట ఏనుగుల శాలకు వెళ్ళాయి.

మర్నాడు పొద్దున్నే గున్నయ్య చంకలో కట్ట పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! అక్కా! ఒకసారి ఇది చూసి పెట్టు. ముసలి ఏనుగు కడుపునొప్పితో పడిపోయింది. మందు కోసం చదివించా. ఇందులో 'ఏనుగునకు కడుపునొప్పి కలిగిన' అని ఉంది కదా, ఆ కింద ఆకు చూడు. 'వజ్రకిరీటము ధరించి, వింజామరలు వీచుచుండగా సింహనాదము చేసి' అని ఉందట! ఏనుక్కి సరిపడా కిరీటం ఎక్కడ తేను? సింహనాదం అది చెయ్యాలా, నేను చెయ్యాలా?"

నాంచారమ్మ ఆకు అందుకుంది. పన్నెండో అంకె. చదివింది.

"ఏనుగు ఎలా ఉంది గున్నయ్యా?"

"అది బాగానే ఉందిలే. పాత కట్టలో పురుగు వదిలేసిన ముక్కలు చదివించుకుని, మా అయ్య చెప్పింది గుర్తు తెచ్చుకుని మందు పోశా, లేచింది. ఇదేంటో అడుగుదామని వచ్చా. ఇంకోసారి పడితే?"

"ఇది రాజుగారి ఆకు. ఏనుగు ఆకు రాజుగారి కట్టలోకి పోయింది."

ఆమె పరుగున బడికి వెళ్ళింది. గుమ్మంలో భైరవశాస్త్రి.

"అయ్యగారూ, ఆ కట్టలో పన్నెండో ఆకు..."

"ప్రశ్నా?"

"ప్రశ్న కాదండీ, ఒక్కసారి చదివి చూస్తే..."

"చదవడం నాకు నేర్పుతావా! పో!"

తలుపు ధడాలున పడింది. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళింది. అరుగు మీంచే, "అడగడానికే వచ్చావు కదూ? ఫో!" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పనిలో కూర్చుంది గాని చెయ్యి ఆడలేదు. గోడ అవతల నుంచి పిల్లల గొంతులు మొదలయ్యాయి. పదో ఆకు అయింది. పదకొండో ఆకు అయింది. ఆమె గోడకు చెవి ఆనించింది. ఇప్పుడు ఆగుతారు. ఇప్పుడు ఎవరో ఒకరు ఇదేమిటంటారు.

"తొండము పైకెత్తి పట్టవలెను!" అని శాస్త్రి రాగం తీశాడు.

"తొండము పైకెత్తి పట్టవలెను!" అని పిల్లలు గోడ అదిరేట్టు అందుకున్నారు.

నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. ఆకుల మీద పడి పడి నవ్వింది. పన్నెండు రోజులు పొద్దునా సాయంత్రం అదే వరస. ఒక్క గొంతూ తడబడలేదు.

గున్నయ్యకు చెప్తే, "ఇంకేం అక్కా! నీలాలుకి ఇప్పుడే చెప్పేస్తా, సభలో అడిగేస్తుంది," అని లేచాడు.

"వద్దు. అసలు చెప్పకు."

"అదేంటి? చెప్పకపోతే ఎలా అడుగుతుంది?"

"చెప్పి అడిగిస్తే అది నా ప్రశ్న అవుతుంది. దాని ప్రశ్న అదే పుట్టించుకోవాలి. లేకపోతే నేను ఇన్నాళ్ళూ నేర్పిందేముంది?"

"అది ఏడేళ్ళ పిల్ల. ఆ ముక్క వచ్చేసరికి పావురాల్ని చూస్తూ కూర్చుంటే?"

నాంచారమ్మ నీలాలును పిలిచింది. దాని నడుము దగ్గర చిన్న మూటలో కాసిని చింతపిక్కలు కట్టి, "సభలో చదివేటప్పుడు మనసు పెట్టి విను. నీకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ పిక్క వెయ్యి," అంది. అంతే చెప్పింది.

పట్టాభిషేకం పండగ వచ్చింది. సభ కిటకిటలాడుతోంది. రాజుగారు కొత్త పాగా పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని సింహాసనం మీద వాలి కూర్చున్నారు. నలభైమంది పిల్లలు రెండు వరసల్లో నిలబడ్డారు. మధ్యలో భైరవశాస్త్రి కట్ట విప్పి రాగం అందుకున్నాడు. ప్రతి వాక్యానికీ రాజుగారి తల ఊగుతోంది. ఆ తల ఊగినప్పుడల్లా సభ "భళా!" అంటోంది.

స్తంభం పక్కన నేల మీద నీలాలు, నాంచారమ్మ. తొమ్మిదో ఆకు. పదో ఆకు. నీలాలు మొహం పైకెత్తి ఉంది. దూలం మీద నిజంగానే పావురం ఉంది. దాన్నే చూస్తోంది!

పదకొండో ఆకు చివరకొచ్చింది.

"అట్టి రణధీర మహారాజు శత్రువుల మీదికి లంఘించి..." శాస్త్రి ఆకు తిప్పాడు. "కడుపు ఉబ్బి నేలబడి మూలుగుచుండగా!"

"కడుపు ఉబ్బి నేలబడి మూలుగుచుండగా!" అన్నారు పిల్లలు.

రాజుగారి తల ఊగింది. "భళా!" అన్నాడు సేనాపతి.

"బలముగల ముగ్గురు తొండము పైకెత్తి పట్టవలెను!"

"భళా! భళా!"

నీలాలు మెడ గిర్రున తిరిగింది. పావురం ఎగిరిపోయింది. వేళ్ళు నడుము దగ్గర మూట వెతుక్కున్నాయి.

"శేరు ఆముదములో గుప్పెడు ఇంగువ, దోసెడు శొంఠి కలిపి నోట పోసి, పొట్ట రుద్దవలెను! అటుపై లద్ది వేయు వరకు కోట చుట్టూ నడిపించవలెను!"

"ఆహా!" అన్నాడు మంత్రి, కళ్ళు తుడుచుకుంటూ.

టప్.

నల్లరాతి నేల మీద చింతపిక్క పడ్డ చప్పుడు సభంతా వినిపించింది.

"రాజుగారూ! నేను అడగాలి!"

"కూర్చో!" అని శాస్త్రి గద్దించాడు. రాజుగారు కళ్ళు తెరిచారు. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. విసుగ్గా చెయ్యి ఊపారు.

నీలాలు నాలుగడుగులు ముందుకు వేసింది. రాజుగారి మొహాన్ని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి జాగ్రత్తగా చూసింది.

"మీకు తొండం ఉందా అండీ?"

రాజుగారి చెయ్యి తెలియకుండానే ముక్కు మీదికి పోయింది.

శాస్త్రి ముందుకు దూకాడు. "ప్రభూ, పసిపిల్లకు కవిత్వం ఏం తెలుసు! తొండమనగా తమరి దీర్ఘబాహువు. దుష్టులను పట్టి విసిరే చెయ్యి!"

"మరి దాన్ని ముగ్గురు ఎందుకు ఎత్తి పట్టుకోవాలండీ?" అంది నీలాలు. "రాజుగారు తన చెయ్యి తను ఎత్తుకోలేరా?"

"ముగ్గురనగా మంత్రి, సేనాపతి, కోటపాలకుడు. రాజ్యభారం మోసేవాళ్ళు!"

ఇంతలో వరసలో నిలబడ్డ మంత్రిగారి మనవడికి ఆగలేదు. "అయ్యవారూ! అయితే మా తాత రాజుగారి పొట్ట రుద్దాడా?"

"నేనెప్పుడు రుద్దానురా!" అని మంత్రి లేచి నిలబడ్డాడు.

"నీకు తెలీదు తాతా, అందులో రాసుంది. పన్నెండు రోజుల్నించీ చదువుతున్నాం!"

"శేరు ఆముదం ఎవరు తాగారండీ?" అన్నాడు మంగలి కొడుకు.

"ఆముదమనగా... ప్రజల ప్రేమ," అన్నాడు శాస్త్రి. నుదుటి మీద చెమట ధార కడుతోంది.

"మరి లద్ది?" అంది నీలాలు. "మా నాన్న రోజూ ఎత్తుతాడు కదా, అదేనా? లద్దంటే ఏంటి అయ్యవారూ, మీ కవిత్వంలో?"

శాస్త్రి నోరు తెరిచాడు. దూలం వంక చూశాడు. ఆకు వంక చూశాడు. జీవితంలో మొదటిసారి ఆ ఆకును చదివాడు.

రాజుగారు సింహాసనం మీంచి లేచారు. మొహం కందగడ్డలా ఉంది. నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. అయిపోయింది. పిల్లకు బడి లేదు, తనకు కోట లేదు.

"శాస్త్రీ," అన్నారు రాజుగారు, నెమ్మదిగా. "మాకు కూడా ఒక అనుమానం వచ్చింది."

సభ ఉలిక్కిపడింది. రాజుగారికి అనుమానమా!

"మమ్మల్ని కోట చుట్టూ ఎన్నిసార్లు తిప్పారు?"

ఆ మాట అంటుండగానే ఆయన పెదవి వణికింది. బుగ్గలు పొంగాయి. అంతే, పొట్ట పట్టుకుని సింహాసనం మీద కూలబడి నవ్వడం మొదలెట్టారు. పాగా ఊడి దొర్లిపోయింది. రాజుగారే నవ్వాక ఇంకెవరు ఆగుతారు? సేనాపతి స్తంభాన్ని పట్టుకుని నవ్వాడు. పిల్లలైతే నేల మీద దొర్లారు. ఎందుకు నవ్వుతున్నారో నీలాలుకు మాత్రం తెలియలేదు. తన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

నవ్వు కాస్త తగ్గాక మంత్రి ముందుకొచ్చి మెల్లగా చెప్పాడు. "ప్రభూ, ఈ కట్టకు ఏడు నకళ్ళు తీయించాం. రేపు పొద్దున ఏడు రాజ్యాలకు పంపబోతున్నాం."

రాజుగారి నవ్వు టక్కున ఆగింది. ఏడుగురు రాజులు, ఏడు సభలు, ఏడు చోట్ల తన తొండం! తలుచుకుంటేనే చెమట పట్టింది. "ఆపండి! ముందు వాటిని ఆపండి!" అని అరిచి, నాంచారమ్మ వైపు తిరిగారు. "ఏమమ్మా, ఈ ఆకు ఇందులోకి ఎలా వచ్చింది?"

గున్నయ్య ఏనుగుల కట్ట తెచ్చి ముందు పెట్టాడు. నాంచారమ్మ సుడిగాలి సంగతి, అంకెల సంగతి, కిరీటం కోసం గున్నయ్య వచ్చిన సంగతి చెప్పింది. మొదట్లో ఒక్కో మాటే చెప్పింది గాని, చెప్తూ చెప్తూ పిల్లలకు చెప్పినట్టే చెప్పేసింది.

"తెలిసి కూడా ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను ప్రభూ. ఒకసారి బడి దగ్గర, ఒకసారి ఇంటి దగ్గర. నోరు మెదపకన్నారు."

భైరవశాస్త్రి తల వంచుకున్నాడు.

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. "చిత్రంగా ఉందే. ఏనుగుల శాలకు పోయిన తప్పు మర్నాడు పొద్దున్నే దొరికింది. మా సభకు వచ్చిన తప్పును ఇంతమంది పండితులు విని భళా అన్నారు. మేమూ తల ఊపాం. అంటే ఈ రాజ్యంలో మాకన్నా ఏనుగు విషయమే శ్రద్ధగా చదువుతున్నారన్నమాట!"

"ఏనుగు ఎవర్నీ అడగొద్దని అనలేదు కదా ప్రభూ," అంది నాంచారమ్మ.

రాజుగారు ఒక్క క్షణం ఆమె వంక చూసి, మళ్ళీ పకపకా నవ్వారు. ఈసారి నవ్వులో కాస్త సిగ్గు కూడా ఉంది. మెళ్ళో ముత్యాల హారం తీసి ఆమెకు ఇచ్చారు. నీలాలును పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "తొండం లేదమ్మా మాకు. ముక్కే," అని స్వయంగా జవాబు చెప్పారు. నీలాలు వేలితో ముట్టుకుని చూసి తృప్తిపడింది.

"ఈ రోజు నుంచి," అన్నారు రాజుగారు గట్టిగా, "కోట బడిలో చిన్న పిల్లలకు నాంచారమ్మ చదువు చెప్తుంది. ప్రతి కట్ట చివరా రాయని ఆకు ఒకటి గుచ్చాలి. చదివేవాళ్ళకు పుట్టిన ప్రశ్నలు దాని మీద రాసుకోవాలి. ఇక శాస్త్రిగారు..."

శాస్త్రి చేతులు కట్టుకున్నాడు. కోట దాటడం ఇప్పుడు తన వంతే అనుకున్నాడు.

"శాస్త్రిగారు రోజూ ఆ పిల్లల మధ్య చాప మీద కూర్చోవాలి. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పాలి. తెలిస్తే తెలిసింది చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి. కల్పించి చెప్పడానికి మాత్రం వీల్లేదు. పండగ పూట అరకొర చదువు బాగుండదు గాని, ఆ అసలు ఆకు తెచ్చి చదవండి. నువ్వే చదువు, నీలాలూ."

నీలాలు రాజుగారి ఒళ్ళోనే కూర్చుని, ఆకు మీద వేలు పెట్టి, ఊడిన పళ్ళ సందులోంచి గాలి పోతుండగా కూడబలుక్కుంటూ చదివింది. కిరీటం అయింది, సింహనాదం అయింది. ఈసారి సభలో ఎవరూ భళా అనలేదు. అందరూ మెడలు చాచి వింటున్నారు.

"ఒక్క... దినములో... పద్దెనిమిది కోటలు... జయించి..."

"ఆగు," అన్నారు రాజుగారు.

నీలాలు వేలు ఆగింది. రాజుగారు ముందుకు వంగి ఆ ముక్కను మళ్ళీ తనే చదువుకున్నారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. కళ్ళు మెరిశాయి. కొట్టంలో పిల్లలకు వచ్చే మెరుపే అది. నాంచారమ్మకు బాగా తెలుసు. గబగబా నీలాలు మూటలోంచి ఒక పిక్క తీసుకుని నేల మీదికి విసిరారు. టప్.

"శాస్త్రీ! మా రాజ్యంలో ఉన్నవి మూడు కోటలే కదా. జయించిన మిగతా పదిహేనూ ఎక్కడున్నాయి?"

భైరవశాస్త్రి అటు చూశాడు, ఇటు చూశాడు. పిల్లలంతా ఆయన మొహంలోకే చూస్తున్నారు.

"తెలియదు ప్రభూ," అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. రాజుగారు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారట.